కోయిలకుంట్ల ఆకాశము

వేసవి రాత్రులందు రేనాటి సీమలో ఇంటిలోపల పండుకొనువారు తక్కువ. నాపరాతి కప్పుల మిద్దెలు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రి రెండు జాములవఱకు ఆ వేడిమిని వెడలగ్రక్కుచుండును. అందువలన కోయిలకుంట్ల పరిసర గ్రామములవారు మిద్దెలమీదను, వాకిళ్లలోను మంచములు వేసికొని పండుకొనుట తరతరాలుగ వచ్చిన అలవాటు. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ నల్లరేగడి మైదానము, దానిగుండ దక్షిణమునకు ప్రవహించి పెన్నలో కలియు కుందూనది: ఇది అచ్చటి నేల. ఇక ఆకాశమన్ననో, వానలు తక్కువైన సీమ యగుటచే ఏటిలో పెక్కు రాత్రులు మబ్బుతునుక లేక నిర్మలముగ నుండును. రైతునకు అది దుఃఖకారణమే. చుక్కలు చూడగోరువానికి మాత్రము అంతకంటె భాగ్యము లేదు.

మిద్దెమీద వెల్లకిల పండుకొనిన పిల్లవానికి మొదటి గురువు అవ్వయో తాతయో యగుచుండెను. ఒకచోట గుంపుగా నున్న చిన్న చుక్కలను చూపి, “అది పిల్లలకోడి” యని చెప్పెడివారు. పంచాంగములోని కృత్తిక అదియే. ఒక్క వరుసలో నిలిచిన మూడు చుక్కలు గొఱ్ఱుకొయ్యలు. విత్తనము వేయు గొఱ్ఱునకు కొయ్యలెట్లుండునో అవియు అట్లే యుండును. నాగలియు గొఱ్ఱును ఎఱిగినవాడు తప్ప మఱియొకడు ఆ పేరు పెట్టజాలడు. ఉత్తరమున సప్తర్షులలోని నాలుగు చుక్కలు కొందఱికి మంచపుకోళ్లు. తెల్లవారుజామున తూర్పున మెఱయునది వేగుచుక్క. ఆకాశము నడుమ తెల్లని పొగవలె పాఱునది పాలపుంత. అక్షరము రానివారుకూడ ఈ పేర్లను చెప్పగలిగియుండిరి. రాత్రి గొఱ్ఱెలను కాచువాడు చుక్కలను చూచియే ప్రొద్దెంత గడచెనో తెలిసికొనుచుండెను.

కార్తెల సంగతి ఇంతకంటె చిత్రమైనది. మృగశిర కార్తెలో తొలకరి పడవలెనని కోయిలకుంట్ల రైతు ఎదురుచూచును. కాని ఆ కార్తెలో మృగశిరా నక్షత్రమును చూపుమని ఎవరైన అడిగినచో, ఎంతటి అనుభవశాలియు చూపలేడు. ఆ చుక్క ఆ దినములలో రాత్రి కనబడదు. కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రముచెంత నుండు కాలము. నక్షత్రములు 27, సంవత్సరమును వానికి పంచగా ఒక్కొక్కదానికి సుమారు పదుమూడున్నర దినములు వచ్చును. జూన్ నెల మొదటి వారము దాటగానే సూర్యుడు మృగశిరను చేరును. అప్పుడు ఆ చుక్కలు సూర్యునితో కూడ ఉదయించి, సూర్యునితో కూడ అస్తమించును. పట్టపగలు అవి నడినెత్తిన నున్నను ఎండ వెలుగులో వానిని చూచుటకు ఏ కంటికిని శక్తి చాలదు.

వానిని చూడవలెనన్న ఆఱు నెలలు ఆగవలెను. మార్గశిర మాసమున సూర్యుడు ఆకాశమునకు ఆవలివైపున నుండును గనుక, ఇటు సూర్యుడు క్రుంకగానే అటు తూర్పున మృగశిర లేచును. నాటి పున్నమి చంద్రుడు ఆ నక్షత్రముచెంతనే నిలుచును. మార్గశిరమను పేరు వచ్చినది అందువలననే. ఒకే చుక్క వానకారులో కార్తెకును, చలికాలమున మాసమునకును పేరిచ్చుట వింతవలె తోచును. ఒకటి సూర్యుని లెక్క, రెండవది పున్నమిచంద్రుని లెక్క యని తెలిసినచో వింత తీఱిపోవును. పంచాంగమును కంఠస్థము చేసినవారు పెక్కుమంది. తల యెత్తి చూచి దానిని సరిపోల్చినవారు కొద్దిమంది. పెండ్లిపందిటిలో పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపునప్పుడు జరుగునదియు ఇట్టిదే. మిట్టమధ్యాహ్నపు ముహూర్తమైనను వారు కనబడినదని తలయూపుదురు! సప్తర్షులలో తోకకు నడుమనున్న వసిష్ఠుని ప్రక్కనే మినుకుమినుకుమను ఆ చిన్న చుక్కను నిజముగ చూడవలెనన్నచో, వేసవి రాత్రి వివాహమైనను చేసికొనవలెను, లేదా వివాహమైన పిమ్మట ఒక రాత్రి మిద్దె యెక్కియైనను చూడవలెను.

చుక్కలను చూచుట ఒక్కరి పని కాక నలుగురు కూడి చేయు పని యైనప్పుడు దాని రూపము మాఱును. ఒక దూరదర్శిని, దానిని నడపుట తెలిసిన ఒకరిద్దఱు, వరుసలో నిలిచిన స్త్రీలు, పురుషులు, పిల్లలు: ఇట్టి ఆకాశ దర్శన సభలు నేడు దేశదేశముల జరుగుచున్నవి. పామరునకు ఆకాశవిద్య నందీయవలెనన్న తలంపు మాత్రము తెలుగునాట క్రొత్తది కాదు.

నూటయేబది సంవత్సరములకు పూర్వము మదరాసులోని నుంగంబాకమున ప్రభుత్వ వేధశాలలో చింతామణి రఘునాథాచారి యను పండితుడు పనిచేయుచుండెను. పంచాంగ గణితము ఆయన కుటుంబమునకు పరంపరగ వచ్చిన విద్య. 1867వ సంవత్సరమున ఆయన వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు ఒక నక్షత్రమును దక్షిణాకాశమున కనిపెట్టెను. మఱుసటి యేడు, అనగా 1868 ఆగస్టు 18వ తేదీన, సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగుదేశముమీదుగ సాగినది. గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్‌సెన్ తన యంత్రములను నిలిపెను. సూర్యుని అంచునుండి లేచు జ్వాలలు వెలిగెడు వాయువులని గుర్తించి, గ్రహణము లేని దినముకూడ వానిని పరిశీలింపవచ్చునని మఱునాడే కనుగొనెను. ఆ కాలపు పరిశీలనలలో బయటపడిన ఒక పసుపుపచ్చ గీతయే హీలియమను మూలకమును తెలిపినది. ఆ మూలకము భూమిమీద దొరకుటకు 1895వఱకు ఆగవలసివచ్చెను. అదే గ్రహణమును చూచుటకై రఘునాథాచారి ఒక బృందమునకు పెద్దయై, కర్నూలునకు ఉత్తరమున కృష్ణకు ఆవలి గట్టుననున్న వనపర్తికి పోయెను. పాఠ్యగ్రంథములలో జాన్‌సెన్ పేరున్నది, గుంటూరు పేరున్నది. వనపర్తి పేరు మాత్రము తఱచు కానరాదు.

ఆయన చేసిన మఱియొక పని అంతకంటె గొప్పది. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగ ఒక నల్లని చుక్కవలె నడచి పోవలసియుండెను. జీవితకాలమున ఒకటి రెండు పర్యాయములకంటె లభింపని దృశ్యమది. శాస్త్రజ్ఞులు తమ సమాజములలో తాము మాటాడుకొని ఊరకుండవచ్చును. రఘునాథాచారి అట్లూరకుండక, ఏమి జరుగబోవుచున్నదో, ఎందుకు జరుగుచున్నదో సామాన్యులకు బోధపడునట్లు చిన్న పుస్తకము వ్రాసి, ఇంగ్లీషుతోపాటు దేశభాషలలోను వెలువరించెను. పంచాంగములోని లెక్క ఆకాశములోని దృశ్యమునకు సరిపోవలెనని, సరిపోనిచో దిద్దుకొనవలెనని ఆయన వాదము. ఆయన 1880లో మరణించెను.

ఉత్తర సర్కారులలో ఇట్టి ఉత్సాహము ఒక జమీందారీ కుటుంబమున కనిపించును. 1840వ సంవత్సరమున గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన యల్లుడు అంకితం వెంకట నర్సింగరావు ప్రభుత్వోద్యోగమును వదలుకొని, ఆ వేధశాలనే తన జీవితముగ చేసికొని, 1868 గ్రహణమును, 1874 శుక్ర సంక్రమణమును పరిశీలించెను. హైదరాబాదునందు నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల సంగతి వేఱొక పాఠమునకు తగినంత యున్నది. అచ్చట సహాయకుడుగ పనిచేసిన ఒకరి కుమారుడే తరువాతి కాలమున జగద్విఖ్యాతి గాంచిన వేణు బాపు.

దూరదర్శినిని వీథిలోనికి తెచ్చిన ఖ్యాతి అమెరికాలోని ఒక సన్న్యాసికి దక్కినది. జాన్ డాబ్సన్ 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున రామకృష్ణ సంప్రదాయమునకు చెందిన వేదాంత మఠమున చేరెను. పారవేసిన ఓడకిటికీ గాజును చేతితో అరగదీసి దర్పణముగ చేసి, అట్టగొట్టమును, చెక్కపెట్టెను కూర్చి ఆయన దూరదర్శినిని తయారుచేసెను. అందు మొదటిసారి చంద్రుని చూచినప్పుడు, ఇది ఎల్లరును చూడవలసినదే యని ఆయనకు తోచినదట. రాత్రులు మఠమువిడిచి, చక్రములు బిగించిన దూరదర్శినిని వీథులవెంట లాగికొనిపోయి, దారిన పోవువారిని పిలిచి చూపుచుండెను. ఈ వ్యసనమువలన 1967లో ఆయన మఠమును వదలవలసివచ్చెను. మఱుసటి యేడు ఆయన కొందఱు యువకులతో కూడి కాలిబాట ఖగోళజ్ఞుల సంఘమును స్థాపించెను. వేలకొలది రూపాయలు పోసి కొననక్కఱలేని, వడ్రంగి చేయగలిగిన దూరదర్శిని అట్లు లోకమునకు దక్కినది. నేడు పల్లెలలోని పాఠశాలలు తెచ్చుకొను దూరదర్శినులలో ఆయన పేరిటివి పెక్కు.

కోయిలకుంట్ల ప్రాంతమున ఇట్టి సభ జరిగినచో, దానికి ఇతర దేశములలో లేని ఒక చిక్కు కలదు. ఆ చిక్కు పేరు శని.

కోయిలకుంట్లకు చేరువనే, బనగానపల్లె దాటిన పిమ్మట, ఎఱ్ఱమల కొండలలో యాగంటి క్షేత్రమున్నది. అగస్త్య మహర్షి తపస్సునకు కాకాసురుడు భంగము కలిగింపగా, ఇచ్చట కాకులు ఉండగూడదని ఆయన శపించెనని స్థలపురాణము. కాకి శనికి వాహనము. వాహనము రాని చోటికి శనియు రాడని భక్తుల నమ్మకము. ఏలినాటి శని పట్టినదని దిగులుపడు కుటుంబములు ఆ చుట్టుపట్ల అనేకములు. పెండ్లి ఆగినను, పంట పోయినను, బిడ్డ పరీక్ష తప్పినను ఆ పేరే వినబడును. అట్టి యింటి బిడ్డ దూరదర్శినిలో కన్ను పెట్టి శనిని చూచుననగానే తల్లి వెనుకకు లాగుట సహజము. ఆమెను నవ్వరాదు. ఆమె భయము బిడ్డపై ప్రేమనుండి పుట్టినది.

ఆమెకు చెప్పదగిన మాట లెక్కలో నున్నది. శని సూర్యుని చుట్టి వచ్చుటకు ఇరువదితొమ్మిదిన్నర సంవత్సరములు పట్టును. రాశులు పండ్రెండు. కనుక ఒక్కొక్క రాశిని దాటుటకు సుమారు రెండున్నర యేండ్లు. మూడు రాశులు దాటుటకు ఏడున్నర. ఏలినాటి శని కొలత వచ్చినది ఈ మందగమనమునుండియే. పన్నెండింట మూడు రాశులు ఎప్పుడును ఆ లెక్కలోనికి వచ్చును గనుక, ఊరిలో నాలుగవ వంతు జనమునకు ఎల్లప్పుడును ఏలినాటి శని నడచుచునే యుండవలెను. వారందఱును ఒక్కరీతి కష్టపడుచున్నారా, తక్కినవారు సుఖముగ నున్నారా యని ఊరివారే విచారించుకొనవచ్చును. ఇక దూరదర్శినిలో కనబడు శని మాటయా, ముప్పది రెట్లు పెద్దది చేసి చూపు అద్దమున్నచో చాలును: నల్లని పలకపై వెలుగు ముత్యము, దానిచుట్టు కంకణము. 1610లో గెలీలియో దానిని చూచి గ్రహమునకు ఇరుప్రక్కల చెవులున్నవని భ్రమపడెను. అది వలయమని హైగెన్సు తేల్చుటకు మఱి యించుమించు అర్ధశతాబ్ది పట్టెను. 2025లో ఆ వలయముల అంచు భూమివైపు తిరిగియుండుటచే గీతవలె సన్నగిల్లినవి. ఏటేట మఱల విచ్చుకొనుచు 2032 ప్రాంతమున మిక్కిలి వెడల్పుగ కనబడును. ఒకసారి చూచినవారు మఱల వరుస చివరకు పోయి నిలుచుట ఇట్టి సభలన్నింటను కానవచ్చు విషయము. 2020 డిసెంబరు 21వ తేదీ సాయంకాలము గురుడును శనియు దాదాపు ఒక్క చుక్కయో యనునట్లు చేరువైనప్పుడు, 1623 తరువాత అంతటి సామీప్యము మఱల అదేయని విని ఎందఱో మిద్దెలెక్కి చూచిరి.

శనికంటె గ్రహణమనిన భయము పెద్దది. 1980 ఫిబ్రవరి 16వ తేదీన దక్కను పీఠభూమిమీదుగ సంపూర్ణ సూర్యగ్రహణము సాగినది. హైదరాబాదునకు చేరువ జపాల్–రంగాపురముననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ వేధశాలకు దేశవిదేశముల శాస్త్రజ్ఞులు వచ్చి, సుమారు రెండు నిమిషముల చీకటికై నెలల తరబడి సిద్ధపడిరి. అదే దినమున అనేక పట్టణముల వీథులు నిర్మానుష్యములై యుండెను. తలుపులు మూసిరి, కిటికీలకు దుప్పట్లు కట్టిరి. వేలమైళ్లు దాటి వచ్చినవారు చూచిన దృశ్యమును వాకిట నున్నవారు చూడలేకపోయిరి.

ఈ భయమును పోగొట్టుటకు పూనుకొన్న సంస్థలలో జన విజ్ఞాన వేదిక ముఖ్యమైనది. 1988లో ఆంధ్రప్రదేశమున ఏర్పడిన ఈ సంస్థకు చెందిన ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులు గ్రహణ దినములందు వీథికూడళ్లలో నిలిచి, తగిన కండ్లద్దములిచ్చి జనమునకు సూర్యుని చూపుచు వచ్చిరి. 2019 డిసెంబరు 26వ తేదీ ఉదయము సూర్యునిలో చాలభాగము మఱుగైనప్పుడు రాష్ట్రమున పెక్కు పాఠశాలల పిల్లలు ఆటస్థలములలో నిలిచి చూచిరి. నలుబది యేండ్లలో ఇంత మార్పు తక్కువది కాదు.

గ్రహణవేళ పళ్లెములో రోకలి నిలుచునను మాట రాయలసీమ పల్లెలలో వినని పిల్లవాడుండడు. గ్రహణము పట్టిన వెంటనే రోకలి తానుగ నిలుచునని, విడువగానే పడిపోవునని చెప్పుదురు. దీనిని వాదముతో ఖండింప బనిలేదు. అడుగు చదునుగ నున్న రోకలిని గ్రహణము లేని ఏ మంగళవారమో పళ్లెములో ఓపికగ నిలిపి చూచిన సరి. అది నిలుచును. ఇతర దినములందు ఎవరును నిలిపి చూడలేదు గనుకనే గ్రహణమునకు ఆ ఘనత దక్కినది!

మఱియొక నమ్మకము ఇట్లు నవ్వి విడువదగినది కాదు. పైపెదవి చీలి పుట్టిన బిడ్డను చూచి తెలుగువారు గ్రహణమొఱ్ఱి యందురు. ఆ మాటలోనే తల్లిమీద నేరారోపణ యున్నది. గ్రహణవేళ ఆమె కదలినదనియో, కత్తి పట్టినదనియో, కూర తఱిగినదనియో ఇరుగుపొరుగువారు చెప్పుదురు. ఆమెయు తనను తాను నిందించుకొనుచు బ్రదుకును. నిజమేమనగా, గర్భమునందు శిశువు పెదవి భాగములు నాలుగవ వారమునకును ఏడవ వారమునకును నడుమ అతుకుకొనును. ఏ కారణముననైనను అప్పుడు అతుకుకొననిచో చీలిక మిగులును. తాను గర్భవతినని తల్లికి రూఢిగ తెలియునప్పటికే ఆ పని ముగిసియుండవచ్చును. వంశపారంపర్యము, పోషకాహార లోపము, కొన్ని మందులు, పొగ మొదలైనవి కారణములలో చేరునని వైద్యులు చెప్పుదురు. ఆకాశమున చంద్రుని నీడ ఆ కారణములలో లేదు. శస్త్రచికిత్సచే ఆ చీలికను సరిచేయవచ్చును, శైశవముననే చేయించుట మేలు. గ్రహణ దినమున గర్భవతిని తిండియు నీరును లేక గంటలతరబడి చీకటిగదిలో పరుండబెట్టుటవలననే నిజమైన హాని కలుగవచ్చును.

భయము వలదనుటకును, జాగ్రత్త వలదనుటకును భేదమున్నది. గ్రహణమున సూర్యునిలో క్రొత్త విషమేదియు పుట్టదు. ఐనను ఏ దినముననైనను సూర్యుని సూటిగ చూచిన కంటిలోపలి పొర కాలును. ఆ పొరకు నొప్పి తెలియు శక్తి లేదు. కాలుచున్నప్పుడు ఏమియు తెలియక, కొన్ని గంటల తరువాత చూపునడుమ మచ్చగ తేలును. పొగపట్టిన గాజుముక్క, ఎక్స్‌రే రేకు, పసుపునీళ్ల పళ్లెము, చలువ కండ్లద్దములు ఇవి యేవియు కంటిని కాపాడవు. సూర్యునికొఱకై చేసిన ప్రమాణికమైన కండ్లద్దములే వాడవలెను. దూరదర్శినిని ముందుభాగమున తగిన వడపోత రేకు బిగింపక సూర్యునివైపు ఎన్నడును త్రిప్పరాదు. ఒక్క క్షణము చాలును. ఖర్చులేని ఉపాయము మఱియొకటి కలదు. అట్టముక్కకు సూదితో రంధ్రముచేసి, సూర్యునికి వీపుచూపి నిలిచి, ఆ రంధ్రమునుండి వచ్చు వెలుగును తెల్లకాగితముమీద పట్టినచో సూర్యబింబమే చిన్నదిగ కనబడును. చెట్టాకుల సందులును ఇట్టి రంధ్రములే.

కోయిలకుంట్లలో ఒక రాత్రి సభ జరుపదలచినవారికి మొదటి ప్రశ్న తిథి. సప్తమి, అష్టమి దినములందు చంద్రుడు సగము వెలిగియుండును. వెలుగునీడల సరిహద్దున కొండలును, గుంటలును స్పష్టముగ తేలును. పున్నమిచంద్రుడు కవులకు ప్రియుడు. దూరదర్శినికి అతడు పనికిరాడు: నీడలు లేనందున అంతయు సున్నము కొట్టిన గోడవలె నుండును. 2023 జులై 14న శ్రీహరికోట విడిచి ఆగస్టు 23న చంద్రయాన్–3 దిగినది ఆ బింబముపై దక్షిణధ్రువమునకు చేరువనే. ఆ దిక్కును చూపినప్పుడు పిల్లల ముఖములు వికసించును. చుక్కలకును, పాలపుంతకును అమావాస్య ప్రక్కలు మేలు. చీకటికి కన్ను అలవాటుపడుటకు ఇరువది నిమిషములకు తక్కువ పట్టదు. ఎవడైన సెల్‌ఫోను వెలిగించినచో ఆ ఇరువది నిమిషములును వ్యర్థము. కావున టార్చికి ఎఱ్ఱకాగితము చుట్టుదురు. చిన్నపిల్లలకు ఎక్కుటకు పీట, పెద్దవారికి కూర్చుండుటకు కుర్చీ, త్రాగుటకు నీరు ఉంచవలెను. వరుసలో తాతను వెనుకకు నెట్టి మనుమడు ముందు దూరకుండ చూచుటయే నిర్వాహకులకు అన్నింటికంటె కష్టమైన పని.

దూరదర్శిని వంతు వచ్చునందాక నిలుచువారికి చేతులతోనే చూపదగినవి పెక్కు. కోయిలకుంట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగ పదునైదు డిగ్రీల దూరమున నున్నది. ధ్రువనక్షత్రముకూడ అచ్చటినుండి నేలకు అంతే యెత్తున కనబడును. చేయి చాచి పిడికిలి బిగించినచో దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఉత్తరమున నేలనుండి పిడికిలిన్నర యెత్తున వెదకిన ధ్రువుడు దొరకును. దుమ్ములేని రాత్రియైన మాత్రమే సుమా. ఢిల్లీలో అతడు దాదాపు మూడు పిడికిళ్ల యెత్తుననుండును. మాఘమాసపు రాత్రి దక్షిణమునకు తిరిగినచో రెండు పిడికిళ్ల యెత్తున ఒక పెద్ద చుక్క నిశ్చలముగ వెలుగును. దాని పేరు అగస్త్యుడు. యాగంటిలో తపస్సు చేసెనని చెప్పు ఋషి పేరే దానిది. ఇంగ్లండువారు తమ దేశమునుండి దానిని ఎన్నడును చూడలేరు.

ఆ వెలుగుల వయస్సు చెప్పినప్పుడు పెద్దవారును వరుస మఱతురు. ఆకాశమున అన్నింటికంటె ప్రకాశవంతమైన చుక్క మృగవ్యాధుడు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు నేడు చూచు దాని వెలుగు, అతడు పలకపట్టి బడికి పోవ మొదలిడిన దినములలో అచ్చటినుండి బయలుదేఱినది. అగస్త్యునినుండి వచ్చునది మూడువందల యేండ్లకు పూర్వపుది. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై విరుచుకుపడి, మఱుసటి యేడు ఇచ్చటనే ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పుట్టుటకు ఎంతో ముందే ఆ వెలుగు దారిలో నుండెను. పిల్లలకోడినుండి వచ్చునది నాలుగువందల నలుబది యేండ్లది. అది బయలుదేఱునప్పటికి తళ్లికోట యుద్ధము ముగిసి కొద్ది యేండ్లే గడచియుండెను.

ఈ వెలుగులన్నియు అంత దూరము వచ్చి, చివరకు ఒక వీథిదీపమువద్ద ఓడిపోవుచున్నవి. పట్టణముల పిల్లలు పాలపుంతను చూచియుండరు. కోయిలకుంట్లలోకూడ తెల్లని క్రొత్తదీపములు వచ్చినకొలది ఆకాశము వెలవెలబోవుచున్నది. దీపములు వలదని ఎవరును అనరు. పాములు తిరుగు దారులలో వెలుగు కావలెను. ఐనను పైకి పోవు వెలుగు ఏ పామునకును చూపదు. దీపముపై మూత పెట్టి వెలుగును నేలవైపు త్రిప్పినచో దారియు కనబడును, చుక్కలును మిగులును. పంచాయతీవారు ఖర్చులేక చేయదగిన పని ఇది. ఊరు దాటి కుందూ వైపు పొలములలోనికి నడచినచో నేటికిని పిల్లలకోడిలో ఆఱు చుక్కలు లెక్కింపవచ్చును. చూపు చుఱుకైనవారు ఏడు చూతురు.

2031 మే 21వ తేదీన కంకణ సూర్యగ్రహణము కేరళ, దక్షిణ తమిళదేశములమీదుగ సాగును. రాయలసీమకు కంకణము కనబడదు. సూర్యునిలో చాలభాగము మఱుగుపడును. అది నడివేసవి మధ్యాహ్నము. సూర్యుడు నడినెత్తికి చేరువనుండును. ఆనాడు మబ్బు లేనిచో, కోయిలకుంట్లలో ఏ వేపచెట్టు క్రింద చూచినను, ఆకుల సందుల జారిన వెలుగు నేలనిండ నెలవంకలై పడియుండును.